సొంత కొలత

కూసుని తింటే కొండలు కరుగుతయంటరు.
పదకొండేండ్లు కూసుని కుట్టిన,
కరిగినవి కండలు.

సోహార్ల పాత సూక్ ఎనుక మా దుకాణం.
రోజుకు ఆరు దిష్‌దాషలు, పండుగ ముంగట పది.
ఎవ్వలు లోపలికొచ్చినా మొదలు భుజాలు చూస్త,
తర్వాతనే మొఖం.
నా మెడల టేపు ఎందరి ఛాతీలో చుట్టి వచ్చింది,
నన్ను ఒక్కనాడు చుట్టలే.

మొన్నటి ఎండకాలం
తెల్లబట్ట తాను పై అరల పెట్టబోతే
నడుం పట్టేసింది.
అర్బాబ్ కొడుకు, ఇంకా మీసం రానోడు,
నా చేతులకెల్లి అందుకొని అవతల పెట్టి
"ఉస్తాద్, నువ్వు కూసో" అన్నడు.
మంచిగనే అన్నడు.
మంచిగ అన్నందుకే గుచ్చుకున్నది.

మా బిల్డింగు మిద్దె మీద, ఏసీల వేడిగాలి నడుమ
మురాద్ బక్ష్ తాలీంఖానా.
పగలు నీళ్ల ట్యాంకరు తోల్తడు,
రాత్రి పెయింటు డబ్బాలల్ల పోసిన సిమెంటు ఎత్తుతడు.
ఇనుప పైపుకు అటొకటి ఇటొకటి.
ఒక డబ్బా మీద గులాబీ రంగు మరక ఇంకా పోలే.

మొదటి నెల పిచ్చోని లెక్క చేసిన.
వారం ఏడు రోజులూ, రోజుకు రెండొందల బస్కీలు,
బళ్లె ఎక్కాలు రాక తీసిన గుంజీళ్లన్నీ
వడ్డీతో కడుతున్నట్టు.
రాత్రికి రెండు ఖుబ్బూసులు, ఉల్లిగడ్డ, చాయ్.
పెడలు మీద కాలు వణికి
ఒక పెద్దమనిషి మెడకాడి కుచ్చు వంకరపోయింది.
విప్పి మళ్ల కుట్టిన, పైసల్లేకుంట.

మురాద్ నా లెక్కంత ఇన్నడు, గడ్డం గోక్కున్నడు.
"ఒక్క బట్టను రోజూ కత్తిరిస్తవా నువ్వు?"
"లేదు."
"ఈడ మనం చేసేది కత్తిరించుడే.
కుట్టుడంత నిద్రల అయితది.
నువ్వు కోసుకుంటనే పోతున్నవ్, కుట్టనిస్తలేవ్.
ఇగ దారమేది? దారమంటే తిండి గదా."

నా పనిని నాకే చెప్పిండు, ట్యాంకరు తోలేటోడు.

మూడు రోజులు చాలన్నడు.
బస్కీ, నెత్తి మీదికెత్తుడు, పొట్టదాక గుంజుడు.
అయిదు, జర ఆగి అయిదు, ఇంకో అయిదు.
వారానికి కిలో ఇసుక కలుపు,
కలపలేకపోతే ఊకో.
"నడుం వంకరైతే బరువు దించు.
బరువుకు మానం లేదు, నడుంకు ఉన్నది."

తిండి లెక్క నేనే రాసుకున్న,
గిరాకీల కొలతల బుక్కు ఎనుక పేజీల.
పొద్దున మూడు గుడ్లు.
పగలు పప్పు, పప్పునీళ్లు కాదు.
రాత్రి నానబెట్టిన శనగలు, సీసెడు లబన్.
జుమ్మా నాడు సముద్రం ఒడ్డున
పేరు తెల్వని చిన్నచేపలు, సందెకు అగ్గువకిస్తరు.
ఇంటికి పంపే పైసలల్ల
నెలకు నాలుగు రియాళ్లు తగ్గినయి.

ఫోన్ల సరోజన అడిగింది, తక్కువెందుకొచ్చినయని.
"తిన్న" అన్న.
ఇగ లొల్లి పెడతదని
జవాబులన్నీ కుట్టి ఇస్త్రీ చేసి పెట్టుకున్న.
జరసేపు ఆ దిక్కు ఫ్యాను చప్పుడే.
"ఏం తిన్నవ్?"
"గుడ్లు."
"ఉడకబెట్టినయా, నూనెల ఏసినయా?"
ఒక్క జవాబు పనికిరాలే.

అయిదు నెలలైంది.
నిన్న షట్టరు సగం దించి
అద్దం ముంగట టేపు నాకే చుట్టుకున్న.
ఒక్కని చేత కాదు ఆ పని, ఎనుక జారుతది,
మూడుసార్లు జారింది.
ఛాతీ ముప్పావు ఇంచు.
దండ అర ఇంచు.
అర ఇంచంటే మీకు నవ్వొస్తది,
దర్జీకి రాదు.
అర ఇంచు కాడ మనుషులు దుకాణాలు మారుస్తరు.

తెల్లబట్ట తాను ఇంకా కిందనే ఉన్నది.
నడుం నిటారుగ పెట్టి, మోకాళ్లు వంచి,
మురాద్ చెప్పినట్టు ఊపిరి బిగపట్టి లేపిన.
పై అర దాక పోలే.
నడిమి అరల పెట్టిన.

బుక్కుల కొత్త పేజీ తీసి
పేరు కాడ లింబాద్రి అని రాసిన,
కొలతలు రాసిన.
డెలివరీ తారీఖు కాడ
ఏం రాయాల్నో తెల్వక
పెన్సిలు చెవిల పెట్టుకొని
బత్తి బంద్ చేసిన.